చేతి తూకం

ఆ ఎండాకాలం మా ఇంట్లో సంపాదించే ప్రాణులు రెండే. ఒకటి నేను, రెండోది నా కంప్యూటరు. మధ్యాహ్నమయ్యేసరికి ఇద్దరికీ ఊపిరాడేది కాదు. కాకపోతే అది చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. నాకా సదుపాయం లేదు.

మా ఆయన సరుకుల వ్యాను నడిపేవారు. ఎండలు ముదరకముందే, దించుతున్న పెట్టె ఒకటి జారి పాదం మీద పడింది. పిండికట్టు వేసి, వానలు పడేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు. ఇక ఇంటికి మిగిలింది నా పని. నేను స్కూలు పుస్తకాలకి పేజీలు కట్టేదాన్ని. రాసిచ్చిన కాగితాలు చూసి టైపు చెయ్యడం, బొమ్మలు పెట్టడం, అచ్చుకి తయారుగా ఫైలు చేసి ఆఖరి ప్రూఫు కాగితాలతో సహా ప్రెస్సుకి పంపడం. మిగతా ఏడాదంతా చిల్లర మల్లర పనులే. బళ్లు తెరిచేముందు వచ్చే ఆ కాస్త కాలమే నాకు కోతల కాలం.

సరిగ్గా కోతల మధ్యలో కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. మామూలు టైపు చేస్తున్నంతసేపూ బుద్ధిమంతురాలు. బొమ్మలున్న పేజీలన్నీ కలిపి ఫైలు చెయ్యమంటే చాలు, టప్పున కళ్లు మూసేది. చేసిన పని చేసినట్టే పోయేది. మళ్లీ మొదటికి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ప్రెస్సు మేనేజరు ఫోను కూడా అప్పుడే వచ్చింది.

"అమ్మా, మీ పని శుభ్రంగా ఉంటుంది, కాదనను. కానీ బళ్లు మీ కంప్యూటరు కోసం ఆగవు కదా. ఈ క్లాసు పుస్తకాలు టైముకిచ్చారా, రాబోయేవి కూడా మీకే. ఆలస్యమైందా, నన్నేమీ అనుకోకండి, మొత్తం పెద్ద సెంటరు వాళ్లకి ఇచ్చేస్తాను."

"ఏమంటాడు?" అన్నారు మా ఆయన మంచం మీంచి.

"బళ్లు ఆగవంట."

"నాకు దురద కూడా ఆగట్లేదు. ఆ స్కేలు ఇలా పడెయ్."

నా స్కేలు ఆ వేసవంతా ఆయన పిండికట్టు లోపలే గడిపింది.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అందరూ నిదానం అనేవారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కొంప అంటుకుందని పరిగెత్తుకెళ్లినా "నిదానం, నిదానం" అనే అంటాడు. వచ్చి మూత తీసి, వెనకనున్న ఇనప పెట్టె దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"పవర్ సప్లై అక్కా. గోడలోంచి వచ్చే కరెంటుని లోపలి సామానుకి వంతులేసి పంచేది ఇదే. ముసలిదైపోయింది. బరువు పని చెప్పగానే చేతులెత్తేస్తోంది. మార్చెయ్యాలి."

"మంచిదే వేద్దాం. కానీ మరీ పైకి పోలేను."

"అందరూ అదే అంటారు. సాయంత్రం షాపుకి రండి."

సాయంత్రం నేను బయలుదేరుతుంటే మామయ్యగారు చెప్పులేసుకున్నారు. ఆయన రావడమనేది మా ఇంట్లో అడగనక్కరలేని విషయం. కూరగాయల టోకు మార్కెట్లో కాటా దగ్గర జీవితమంతా నిలబడ్డ మనిషి ఆయన. బస్తా అంచు పట్టి కాస్త పైకి లేపితే బరువెంతో చెప్పేవారు. కాటా తర్వాత అదే మాట చెప్పేది. ఆయనకి అంతకన్నా పెద్ద పేరు ఇంకో విషయంలో ఉండేది. ఉల్లిపాయల బస్తాలో ఎవరైనా రాళ్లు కలిపితే, మూతి విప్పకుండానే "ఇది పక్కన పెట్టండి" అనేవారట. ఆ మాటకి లారీలు వెనక్కి తిరిగిన రోజులున్నాయంట. రిటైరయ్యాక ఆ చెయ్యి మా ఇంటికొచ్చేసింది. గిన్నె కొన్నా, తలుపు గడియ కొన్నా, పుచ్చకాయ కొన్నా ఆయన చేతిలోకి వెళ్లి రావాల్సిందే.

"నన్ను కూడా తూచే తెచ్చుకున్నారు," అనేది మా అత్తయ్య. "అప్పుడు కాటా చూసుకోలేదు గానీ."

"నీ నోటి బరువు కాటాకి ఎక్కలేదే," అనేవారు ఆయన.

షాపులో నిదానం రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి బూడిదరంగుది, చిన్నది, మీద అక్షరాలు కూడా పొదుపుగా ఉన్నాయి. రెండోది నల్లగా నిగనిగలాడుతోంది, దాని మీద మంటలు, మెరుపులు, ఇంత పెద్ద అంకె.

"నిదానంగా వినండక్కా. డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసిన వాట్లు నమ్మొద్దు. రాయడానికేముంది, నేనూ రాస్తా. పక్కన చిన్న పట్టిక ఉంటుంది చూడండి, అందులో పన్నెండు వోల్టుల వరసలో ఎంత ఇస్తానన్నాడో చూడాలి. మీ పనికి అదే అసలు. తర్వాత గ్యారంటీ. ఈ చిన్నదానికి తయారుచేసినవాడు అయిదేళ్లు పూచీ పడుతున్నాడు. నల్లదానికి ఏడాది, అదీ నా మొహం చూసి."

"మరి నల్లదెందుకు పెట్టుకున్నావు?"

"అడిగినవాళ్లకి చెప్తాను. అడగనివాళ్లకి అమ్ముతాను. పిల్లలున్నారు కదక్కా."

నల్లది చవక. చిన్నది మరీ ఎక్కువేం కాదు గానీ, ఆ నెల మాకు ఆ కాస్తా కాస్త కాదు. అయినా చిన్నదే తీసుకుందామని లోపల అనుకున్నాను. పన్నెండు వోల్టుల వరస నేనూ చదివాను. నల్లదాని పట్టికలో ఆ చోట ఏమీ లేదు.

మామయ్యగారు చిన్నదాన్ని ఒక చేతిలోకి, నల్లదాన్ని ఇంకో చేతిలోకి తీసుకున్నారు. కళ్లు సగం మూసుకున్నారు. అలా ఆయన నిలబడితే షాపులో ఇంకెవరో ఇద్దరు కూడా బేరం ఆపి చూశారు.

"ఇందులో సరుకుంది," అన్నారు నల్లదాన్ని కాస్త ఎత్తి. "అది డొల్ల. యంత్రమన్నాక లోపల రాగి ఉండాలి, ఇనుముండాలి. ఉన్నది బరువుంటుంది అమ్మా. కాగితం మీద ఏం రాస్తే ఏం."

నిదానం నా వైపు చూశాడు. బరువును బట్టి కూడా కొంత తెలుస్తుందని అతనే నసిగాడు. నాకు పొద్దున్నుంచీ మెడ లాగేస్తోంది. ఇంటికెళ్లి పోయిన పాఠం మళ్లీ కట్టాలి. ఆయన చేతిని కాదనడానికి కావలసిన ఓపిక నా ఒంట్లో లేదు. దాన్ని కాదనేంత గట్టి కారణం కూడా అప్పుడు కనపడలేదు. ఆ చెయ్యి ఎప్పుడు తప్పిందని?

"నల్లదే ఇవ్వు," అన్నాను.

కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. మామయ్యగారు రోజుకోసారి గదిలోకి తొంగి చూసి, "ఎలా ఉంది మన నల్లోడు?" అనేవారు. "రాయిలా ఉన్నాడు మామయ్యా," అనేదాన్ని. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఎండలు ముదిరాక మళ్లీ పాత రోగమే. ఈసారి ఆగిపోవడమే కాదు, దానంతటదే లేచి కూర్చునేది, మళ్లీ పడిపోయేది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కొత్తదాన్ని ఎవరూ అనుమానించలేదు. చేతి తూకం మీద వచ్చింది కదా. వీధిలో కరెంటు బాగాలేదన్నారు మా ఆయన. ప్లగ్గు వదులైందన్నారు మామయ్యగారు, కొత్త ప్లగ్గు బిగించారు. దానికి దిష్టి తగిలిందంది అత్తయ్య. నేను టేబుల్ ఫ్యాను తీసి దాని మొహాన పెట్టాను. నాకు చెమటలు, దానికి గాలి. ఇంట్లో సంపాదించేవాళ్లలో కూడా పెద్దా చిన్నా ఉంటుంది.

మేనేజరు రెండోసారి ఫోను చెయ్యలేదు, మనిషే వచ్చాడు. గుమ్మంలో నిలబడే మాట్లాడాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. అది చూసి నాకు భయమేసింది.

"వచ్చే సోమవారం మా బండి వస్తుందమ్మా. ఫైలు, రెండు ప్రూఫు కట్టలు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి, తప్పు లేదు."

"ఇస్తాం," అన్నారు మామయ్యగారు నాకన్నా ముందు.

మంగళవారానికి పది పాఠాల్లో ఎనిమిది అయిపోయాయి. మిగిలిన రెండూ బుధవారమంతా కూర్చుని కట్టాను. గురువారం పొద్దున అన్నీ కలిపి ఫైలు చెయ్యమని మీట నొక్కాను. లోపల టపాకాయ పేలినంత చప్పుడైంది. కాలిన వాసన గది దాటి మా ఆయన మంచం దాకా వెళ్లింది.

"ఏమైంది?" అని అరిచారు ఆయన.

 తీగ పీకేసి నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఏడవడానికీ కాస్త బలం కావాలి.

నిదానం ఈసారి నడిచి కాదు, సైకిలు మీద వచ్చాడు. నల్లదాన్ని ఊడదీసి పక్కన పెట్టాడు. తను తెచ్చిన ఏదో పాతది తగిలించి, మిగతా సామాను బతికుందో లేదో చూశాడు. మేమందరం చుట్టూ నిలబడ్డాం. మా ఆయన కూడా ఒంటికాలి మీద గోడ పట్టుకుని వచ్చారు. తెర మీద వెలుగొచ్చింది. ఫైళ్లు తెరిచాడు.

"ఎనిమిది పాఠాలున్నాయక్కా. చివరి రెండూ తెరుచుకోవట్లేదు. నిజానికి మొత్తం పోవాల్సింది. అదృష్టవంతులు."

అదృష్టం అంటే అలా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"నల్లోడి సంగతేంటి?" అన్నారు మామయ్యగారు. "విప్పు. చూద్దాం."

నిదానం కొంచెం తటపటాయించి, మరలు విప్పాడు. లోపల నేననుకున్నంత సామాను లేదు. సన్నటి పలక, దాని మీద పొంగి పగిలిన రెండు గొట్టాలు, నాలుగు తీగలు. మిగతా అంతా ఖాళీ. అడుగున మాత్రం, జిగురు పెట్టి అతికించిన ఇనప దిమ్మ ఒకటి ఉంది. దానికి ఏ తీగా తగల్లేదు. అది ఏ పనీ చెయ్యదు.

"ఇలా పెడతారని విన్నాను గానీ పెద్దాయనా, నేనూ ఎప్పుడూ విప్పి చూళ్లేదు," అన్నాడు నిదానం నేల చూస్తూ. "ఇది వెనక్కి తీసుకుంటాను."

మామయ్యగారు వంగి, దిమ్మని రెండు వేళ్లతో పట్టి లాగారు. జిగురు వేడికి మెత్తబడి ఉంది, వచ్చేసింది. అరచేతిలో పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, చూశారు.

"పావుకేజీకి కాస్త తక్కువ," అన్నారు. "వద్దులే. కొన్నది మేము."

అత్తయ్య దగ్గర ప్రతిదానికీ ఒక సామెత ఉంటుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అనేది ఆవిడ నోటి చివరిదాకా రావడం నేను చూశాను. ఆవిడ దాన్ని మింగేసి, "మంచినీళ్లు తాగుతారా?" అంది మామయ్యగారితో.

నిదానం వెళ్లాక నేను అన్నాను, "మీ చెయ్యి తప్పు చెప్పలేదు మామయ్యా. బరువుందన్నారు. ఉంది."

"మనం వెళ్లింది బరువు కోసం కాదుగా అమ్మా," అన్నారాయన. ఆ దిమ్మ తీసుకెళ్లి కిటికీలో పెట్టి, అక్కడే కాసేపు బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఆ సాయంత్రం మళ్లీ షాపుకి వెళ్లాం. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బల్లకి అడుగు దూరంలో ఆగిపోయారు. నిదానం బూడిదరంగు డబ్బా తీసి ఆయన ముందుకి జరిపాడు. ఆయన ముట్టుకోలేదు.

"అమ్మాయి చూస్తుంది," అన్నారు.

నేను పట్టిక చదివాను, గ్యారంటీ కాగితం చదివాను. ఊరికే చదివాను, ఆ చదివిందంతా అంతకుముందు తెలిసిందే. వెనక ఆయన నిలబడి ఉన్నారని వీపుకి తెలుస్తూనే ఉంది. డబ్బులిచ్చి డబ్బా సంచిలో వేసుకున్నాను.

తోవలో కూరగాయల బండి దగ్గర అత్తయ్య చెప్పిన ఉల్లిపాయలు తీసుకున్నాం. బండివాడు అలవాటు ప్రకారం రెండు ఏరి ఆయన చేతికివ్వబోయాడు. "కాటాలో వెయ్యి," అన్నారాయన. బండివాడు నా మొహం చూశాడు. నేను సంచి పట్టాను.

చిన్నది చప్పుడు లేకుండా తన పని తను చేసుకుపోయింది. ఇక చెయ్యాల్సింది నేను. రెండు పాఠాలు, బొమ్మలతో సహా, మళ్లీ మొదట్నుంచీ. కాగితం చూసి, తెర చూసి, మళ్లీ కాగితం చూసేసరికి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మధ్యాహ్నం మామయ్యగారు కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"కాగితాలు ఇలా ఇవ్వు. నేను చదువుతా, నువ్వు కొట్టు."

కాటా దగ్గర బరువు గట్టిగా పాడి చెబితే, ఎదుటి గుమస్తా అది రాసుకునేవాడట. అదే గొంతు. "మొక్కలకు కావలసినవి ఏవి అనగాఆ," అని సాగదీసి ఆగేవారు. నేను కొట్టేసి "ఊ" అంటే, "నీరూ, కామా, గాలీ, కామా," అని ఎత్తుకునేవారు. ఆ గొంతుకి వీధిలో వెళ్లేవాళ్లు ఆగి మరీ చూశారు. పక్కగదిలోంచి మా ఆయన, "నాన్నా, గాలి ఎంతకిస్తున్నారు?" అన్నారు. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినపడింది. మామయ్యగారు మాత్రం నవ్వలేదు. "మధ్యలో మాట్లాడితే తప్పు పడుతుంది," అన్నారు.

శుక్ర, శని, ఆదివారాలు అలాగే గడిచాయి. ఆయన గొంతు పోయింది. నా వేళ్లు రాత్రి కూడా దుప్పటి మీద కొట్టుకుంటున్నాయని అత్తయ్య చెప్పింది. ఆదివారం సాయంత్రానికి ఫైలు అయింది. ఈసారి మీట నొక్కినప్పుడు నలుగురం ఊపిరి బిగబట్టాం. చిన్నది కిక్కురుమనలేదు.

సోమవారం పొద్దున ప్రింటరు ప్రూఫు కాగితాలు ఒక్కొక్కటే ఉమ్ముతుంటే, బయట ప్రెస్సు బండి హారను. డ్రైవరు దిగకుండానే, తొందరగా అమ్మా, ఇంకా చాలా చోట్లకి వెళ్లాలి, అన్నాడు. ప్రెస్సుకి రెండు కట్టలు వెళ్లాలి, ఒకదానికొకటి నకలు. కాగితం ప్రింటరులో రెండుసార్లు ఇరుక్కుంది. ఇరుక్కున్నప్పుడల్లా తీసి మళ్లీ వేశాను. ఏది వచ్చిందో ఏది రాలేదో నా బుర్రకి ఎక్కడం మానేసింది. ఒక్క పేజీ తగ్గినా మేనేజరు మొదట చూసేది అదే. లెక్కపెట్టడానికి కూర్చున్నాను. రెండుసార్లు పెట్టాను, రెండు వేరే అంకెలొచ్చాయి. మళ్లీ హారను.

మామయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చేతులు వెనకే ఉన్నాయి. నేను రెండు కట్టలూ తీసుకెళ్లి ఆయన ముందు పట్టుకున్నాను.

"రెండూ సమానంగా ఉన్నాయా మామయ్యా?"

"నన్నడక్కమ్మా."

"మిమ్మల్ని కాక ఎవర్నడగను? నా లెక్క కుదరట్లేదు. వీటిలో ఎవడూ ఇనుము పెట్టలేదు, నేనే కట్టాను."

ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత చేతులు ముందుకొచ్చాయి. ఒక్కో చేతిలో ఒక్కో కట్ట పెట్టుకుని, కళ్లు సగం మూశారు. చాలాసేపే ఉన్నారు. డ్రైవరు హారను కొట్టబోయి మానేశాడు.

"కుడిచేతిది తక్కువ," అన్నారు. "ఎక్కువ కాదు. మూడో నాలుగో కాగితాలు."

ఇల్లంతా గాలించాం. ప్రింటరు కింద లేవు, బల్ల కింద లేవు. చివరికి మా ఆయన మంచం మీంచి నెమ్మదిగా, "ఇవి కాదు కదా?" అన్నారు. ఉక్కగా ఉందని నాలుగు కాగితాలు మడిచి పొద్దున్నుంచీ విసురుకుంటున్నారట. చిత్తు కాగితాలనుకున్నారట. నేను ఏమీ అనలేదు. అనాలంటే ఆ రోజు సరిపోదు. మడతలు సాఫు చేసి కట్టలో పెట్టాను.

మామయ్యగారు మళ్లీ రెండూ పట్టి చూశారు.

"ఇప్పుడు సరిపోయింది," అని, కట్టలు తిరిగి ఇస్తూ, "అయినా ఓసారి లెక్కపెట్టుకో అమ్మా," అన్నారు.

ఆ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఎప్పుడూ చూసి చెప్పడమే గానీ, చెప్పింది సరిచూసుకోమనడం లేదు.  నేను లెక్కపెట్టలేదు. దారం చుట్టి, ముడేసి, ఫైలుతో సహా రెండు కట్టలూ డ్రైవరు చేతికిచ్చాను. బండి వెళ్లిపోయింది.

"లెక్కపెట్టలేదేం?"

"మీరు చూశారుగా."

ఆయన ఖాళీ అయిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. నేను వెళ్లి గచ్చు మీద పడుకున్నాను.

సాయంత్రం మేనేజరు ఫోను చేశాడు. పేజీలన్నీ ఉన్నాయన్నాడు. నాలుగు కాగితాలు నలిగాయేమిటని అడిగాడు. గాలికి అన్నాను. పై క్లాసు పని బుధవారం పంపిస్తున్నానన్నాడు. ఆ మాట ఇంట్లో అందరికీ వినపడేలా మళ్లీ చెప్పించుకున్నాను. ఏడుపూ నిద్రా రెండూ ఒకేసారి వచ్చాయి.

కళ్లు మూతపడుతుండగా వీధిలో కూరగాయల బండి ఆగింది. మామయ్యగారి చెప్పుల చప్పుడు గుమ్మం దాటింది. బండివాడు కాటా తీసిన చప్పుడు కూడా వినిపించింది.

"ఆగాగు," అంటున్నారు మామయ్యగారు, మూడ్రోజుల చదువుకి బొంగురుపోయిన గొంతుతో. "దాని సంగతి తర్వాత. ముందు ఇలా ఇవ్వు."